అరగంట మెలకువ

1. ఎండలు ముదిరాక

ఖైదీల బంధువుల సంఘం వాళ్లు ఇక నుంచి జరిగిందంతా రాసిపెట్టమన్నారు. నా తర్వాత ఈ ములాఖత్ ఇంటికి వచ్చే మనిషికి పని తెలియాలట. నేనింకా కుర్చీలోంచి లేవనే లేదు, అప్పుడే నా తర్వాతి మనిషి గురించి బెంగ. సరే, రాస్తాను. కానీ నా రాత నా ఇష్టం. నేను బస్సు కండక్టరుగా చేసినదాన్ని. బస్సులు వాటంతట అవే నడవడం మొదలయ్యాక కూడా మమ్మల్ని చాలా కాలం ఉంచారు, ఖాళీ డ్రైవరు సీటుతో పోట్లాడలేక జనం విసిగిపోయారు కాబట్టి. అరిచి మాట్లాడటం నాకు అలవాటు. రాతలో కూడా అదే వినిపిస్తే చదివేవాళ్లు సర్దుకోవాలి.

ఈ రోజు పని బట్టలు ఎండకు వేయడం. ఇంటి వెనక దండేలు కట్టి, అరల్లోని బట్టలన్నీ తీసి ఆరేశాను. పొద్దు పైకి రాకముందే లోపల పెట్టేయాలి. ఈ ఎండలకు చూస్తుండగానే రంగు వెలిసిపోతుంది. రంగు వెలిసిందంటే నా ప్రాణం తీస్తారు. ఒక్కో అర మీద ఒక్కో ఖైదీ పేరుంటుంది గానీ లోపలి బట్టలు ఖైదీలవి కావు, చూడటానికి వచ్చే వాళ్లవి. ఒక తల్లి ఆకుపచ్చ చీర, ఒక తమ్ముడి గళ్ల చొక్కా, ఒక ముసలాయన రుమాలు. ఏళ్ల తరబడి అవే బట్టలు.

కొత్తగా వచ్చిన వాళ్లను కూర్చోబెట్టి నేను చెప్పే మాట ఇది. మీ మనిషి కింద నిద్రలో ఉంటాడు. బొగ్గు అయిపోయిన ఈ ఏడో ఇంక్లైన్ గనిలో, చల్లటి గదుల్లో, శిక్ష తీరేదాకా. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి అతన్ని పైకి తెచ్చి, అరగంట లేపి అద్దం ముందు కూర్చోబెడతారు. మీకు నెలలు గడుస్తాయి. అతనికి కళ్లు మూసి తెరిచినట్టు ఉంటుంది. తేదీ, నెల చెప్పకూడదని జైలు వాళ్ల నియమం. కాబట్టి అతని లెక్కలో మీరు ఇప్పుడే బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చారు. చీర మార్చుకుని రాకండి.

ఎందుకింత జాగ్రత్త అంటే, అద్దం పక్క గోడలో జమేదారు ఉన్నాడు. మనిషి కాదు, యంత్రం. అప్పుడే నిద్రలేచిన గుండె బెదరకూడదట. బెదిరి హద్దు దాటిందంటే జమేదారు అద్దం మీదికి ఇనుప తలుపు దించేస్తాడు. ఒకసారి దించితే ఆ కాలం ములాఖత్ పోయినట్టే. రెండోసారి కూడా దిగితే విడుదలయ్యే రోజుదాకా ఇంక ములాఖత్ అనే మాటే లేదు. బతిమాలుకుందామంటే వాడికి చెవుల్లేవు.

బట్టల పద్ధతి జైలు వాళ్లు పెట్టింది కాదు. కుటుంబాలే ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నారు. అందుకు నేను చేసే పనులు బోలెడు. నెరిసిన జుట్టుకు రంగు వేస్తాను. లావైన వాళ్ల జాకెట్లు వదులు చేస్తాను. సన్నబడిన వాళ్లకు లోపల ఇంకో లంగా కట్టిస్తాను. పోయిన వాళ్ల గురించి ఖైదీ అడిగితే, 'బయట కూసున్నడు, కాళ్లు నొస్తున్నయట' అని చెప్పమని నేర్పిస్తాను. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. అరగంట సుఖంగా మాట్లాడుకుంటే చాలుననుకునే మనిషిని నేను.

2. ములాఖత్‌కు ముందు రోజు

స్వరూప వచ్చింది. ఆమె భర్త ఓదెలు కింద రెండో గ్యాలరీలో ఉన్నాడు. కరువు ఏట, ఊరి పొలాలకు నీళ్లు రావాలని కాలువ తూము తాళం పగలగొట్టాడు. నీళ్లయితే వచ్చాయి. దిగువన కాలువలో పూడిక తీస్తున్న మనిషి ఒకడు కొట్టుకుపోయాడు. పన్నెండేళ్లు వేశారు, ఇంకా అయిదేళ్లు మిగిలి ఉంది. ఆ పోయిన మనిషి పేరు స్వరూప ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆమె అంటే నాకు ఇష్టం కలగడానికి అదొక కారణం.

ఆమె వెంట ఎప్పటిలాగే పాప. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి, అంటే రెండేళ్లుగా ఆ పిల్లను చూస్తున్నాను. పేరు అమూల్య, తండ్రి పిలిచేది అమ్ములు. పసుపు గౌను, రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. పిల్ల పెరుగుతుంది గానీ గౌను పెరగదు కదా. ఈసారి అంచు విప్పి చూస్తే మడతలో ఇంక గుడ్డే లేదు.

"ఇగ ఇది పట్టదు స్వరూపా. కొత్త గుడ్డ జోడించాలె" అన్నాను.

"ఎట్లన్న జేసి ఈసారికి పట్టియ్యి అక్కా. ఆయన కండ్లల్ల ఇదే గౌను ఉన్నది."

"ఎన్నొద్దులు దాస్తవ్? పిల్ల ఎదిగిందని తెల్వాలె గద. జర జర చూపిస్తే అలవాటైతది."

స్వరూప సూదిలో దారం ఎక్కించి నా చేతికిచ్చింది. పిల్ల నా ముందు చేతులు పైకెత్తి నిలబడి, "గుచ్చుకుంటున్నది అత్తా" అంది.

"ఏందే, నేను నీకు అత్తనెట్లయితనే? మీ నాయిన నాకు తమ్ముడా?" అని నవ్వాను. ఇక్కడ చిన్నా పెద్దా అందరికీ నేను శంకరక్కనే.

పిల్ల నవ్వలేదు. స్వరూప వైపు చూసి తల దించుకుంది. ఎండలో పడి వచ్చారు, అలిసిపోయి ఉంటారనుకుని నేను మజ్జిగ కలపడానికి లేచాను.

3. ఎండాకాలం ములాఖత్

సంఘం మనిషి ఒకరు గదిలో ఓ మూల కూర్చోవచ్చు. నేను కూర్చున్నాను. ఓదెలును లిఫ్టులో పైకి తెచ్చి, కంబళి కప్పి అద్దం అవతల కూర్చోబెట్టారు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. లేచిన వాళ్లందరూ మొదట అలాగే ఉంటారు.

"మంచిగున్నవా స్వరూపా?" అన్నాడు.

"మంచిగున్న. ఇగో, అమ్ములు వచ్చింది చూడు."

"నాయినా, నేను బువ్వ తిన్న" అంది పిల్ల, నేర్పినట్టే.

"తిను బిడ్డా. మంచిగ తిను" అన్నాడు ఓదెలు.

అంతే. ఇంకేమీ అడగలేదు. పిల్లను చూస్తూ కూర్చున్నాడు. స్వరూప ఇంటి కప్పు సంగతి, మేక ఈనిన సంగతి చెబుతుంటే తల ఊపాడు. అరగంట అయిపోయింది. నేను ఎంతమంది ములాఖత్‌లు చూశాను, ఏడుపులు, తగువులు, అలకలు. ఓదెలు అంత నెమ్మది మనిషిని చూడలేదు. మా ఇంటికి వచ్చే వాళ్లకు ఆయన్నే ఉదాహరణగా చెబుతుంటాను.

బయటికి వస్తుంటే నజీర్ ఆపాడు. జమేదారు యంత్రాన్ని చూసుకునే మెకానిక్ అతను. ఎప్పుడూ చేతులు తుడుచుకుంటూ ఉంటాడు, అక్కడ తుడుచుకోవడానికి మురికేమీ లేకపోయినా.

"శంకరక్కా, మీ ఓదెలు గుండె గీత చూసినవా?"

"నీ గీతలు నాకేం సమజైతయ్?"

"బిడ్డ ఎదురుంగ కూసుంటే ఎసొంటోని గుండెన్న జరంత లేస్తది. హద్దు దాటకపోవచ్చు గని లేస్తది. ఈయనది రెండేండ్ల సంది లేస్తలేదు. నిద్రల ఉన్నప్పటి లెక్కనే ఉంటున్నది."

"మంచిదే గద. బెదురుతలేడు."

"ఏమో అక్కా. నాకైతే మంచిగ అనిపిస్తలేదు."

నీ యంత్రం నువ్వు చూసుకో, మా మనుషుల్ని మేం చూసుకుంటాం అని విసుక్కుని వచ్చేశాను. వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

4. వానలు పట్టాక

ఈ మధ్య వానలు వస్తే కాలువలు, రోడ్లు ఒకటైపోతాయి. బస్సు గని మలుపు దగ్గరే దింపేసి వెనక్కి పోతుంది. ఈ మధ్యాహ్నం ఒక అమ్మాయి ఆ మలుపు నుంచి నడిచి వచ్చి, నిలువునా తడిసి అరుగు మీద నిలబడింది. పది పదకొండేళ్లుంటాయి. చేతిలో చెప్పులు.

"ఎవల పిల్లవు? ఎవలతోని వచ్చినవ్?"

"ఒక్కదాన్నే వచ్చిన. నా పేరు అమూల్య. ఓదెలు బిడ్డను."

నాకు నవ్వొచ్చింది. "ఓదెలు బిడ్డ నాకెరుకే. ఇంత ఉంటది" అని చేత్తో ఎత్తు చూపించాను.

"అది జాను. మా మామ బిడ్డ. నా గౌను తొడిగి దాన్ని తెస్తున్నది మా అమ్మ."

నేను ఆమె మొహం వైపు అప్పుడు సరిగ్గా చూశాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న ఖాళీ, అచ్చం ఓదెలుకు ఉన్నట్టే. ఇంక నమ్మకుండా ఉండటానికి ఏమీ లేదు. తువ్వాలు ఇచ్చి లోపలికి తీసుకొచ్చాను. జొన్న రొట్టె, పచ్చిపులుసు ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"పిల్లలను ఇగ లోపటికి రానియ్యరని చెప్పింది నాకు" అంది. "ఇన్నేండ్లు నమ్మిన. మొన్న జాను నోరు జారింది. మీ నాయిన నన్ను ఊకె చూస్తడు, మాట్లాడడు అన్నది. దాన్ని కొట్టిన. కొట్టినంక నేనే ఏడ్సిన. అదేం జేస్తది పాపం, తీస్కపోతే పోయింది."

"మీ అమ్మ ఎందుకు జేసిందో ఆమెను అడిగినవా?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తది. అక్కా, మా నాయిన బయటికొచ్చినంక ఎవల్ని దగ్గరికి తీస్కుంటడు? జానునా? నేను ముంగటికి పోతే ఎవలు బిడ్డా నువ్వు అంటడు గద."

ఎదుటి మనిషికి అబద్ధం ఎలా చెప్పాలో ఇన్ని కుటుంబాలకు నేర్పించాను గానీ, ఆ అబద్ధంలో చోటు లేని మనిషి ఇంట్లో ఒకరు ఉంటారని నాకు తట్టలేదు. పిల్ల తడిసిన జుట్టు తుడుస్తూ కూర్చున్నాను. తర్వాత స్వరూపకు కబురు పంపాను.

5. ఆ మర్నాడు

స్వరూప పొద్దున్నే వచ్చింది, జాను లేకుండా. కూతురు క్షేమంగా ఉందని చూసుకుని చేయెత్తింది, కొట్టలేక దించేసింది. నేను మాత్రం ఆగలేదు. నోటికి వచ్చినట్టు తిట్టాను. కన్నబిడ్డను ఇంట్లో దాచి, తమ్ముడి బిడ్డకు గౌను తొడిగి, నాతో ఆ గౌను కుట్టించుకున్నావా అని. ఆమె వింటూ నేల మీద కూర్చుంది. నా ఊపిరి అయిపోయాక చెప్పడం మొదలుపెట్టింది.

"దీనికి ఆరేండ్లప్పుడు జరమొచ్చింది అక్కా. బతుకది అన్నరు. రాజన్న దేవునికి మొక్కుకున్న. బతికింది. గుండు గీయించిన. ఆ గుండుతోనే ములాఖత్‌కు తెచ్చిన. ఆయనకేమో ఇప్పుడే రెండు జడలతోని చూసినట్టుంటది గద. బిడ్డకేమైందని అద్దం గుద్దిండు. తలుపు పడ్డది."

"అది ఒకసారి."

"ఒకసారి. ఇంకోసారి పడితే ఇగ లేదన్నరు. నాకు బుగులు పట్టుకున్నది. అప్పటిసంది మూడేండ్లు ఒక్కదాన్నే వచ్చిన. వచ్చినప్పుడల్లా అమ్ములు ఏది అని అడుగుడు. పండుకున్నది అంటి. బడికి పోయింది అంటి. బయట ఆడుకుంటున్నది అంటి. అడిగినప్పుడల్లా ఆయన గుండె హద్దు దాక పోవుడే. అప్పటికి జాను అయిదేండ్ల పిల్ల, అచ్చం చిన్నప్పటి దీని లెక్కనే ఉంటుండె. గౌను తొడిగి తెచ్చిన." స్వరూప కళ్లు తుడుచుకుంది. "ఆ రోజు సంది ఒక్కసారన్న అడగలే అక్కా. నిమ్మలమైండు."

నజీర్ మాట నా చెవిలో మళ్లీ వినిపించింది. ఆమెకు చెప్పాను. బిడ్డను చూసినా కదలని గుండె రెండేళ్లుగా అలాగే ఉందట, నిద్రలో ఉన్నట్టే ఉందట అని.

"అంటే ఏందక్కా?"

"నాకు తెల్వదు. గని అది నిమ్మలం మాత్రం కాదు."

అమూల్య వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. "నన్ను తీస్కపో" అంది.

"మల్ల తలుపు పడితే? అయిదేండ్లు చూడరాదు బిడ్డా. నీకు పదహారేండ్లొస్తయ్."

"ఇప్పుడేమన్న చూస్తున్ననా? తలుపు పడ్డా పడకున్నా నాకు ఒకటే."

"నాకు ఒకటి కాదు" అంది స్వరూప. ఆమె గొంతు అంత గట్టిగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "కాలానికి అరగంట ఆయన మాట ఇనవడ్తది నాకు. మంచిగున్నవా స్వరూపా అంటడు. దాని మీదనే బతుకుతున్న. అది గుడ పోగొట్టుకోమంటవా?"

ఇద్దరివీ నిజాలే. అమూల్య మూలకు వెళ్లి కూర్చుంది. స్వరూప బయట అరుగు మీద వాన చూస్తూ నిలబడింది. నేను ఆ సందులో నజీర్ దగ్గరికి వెళ్లాను.

"తలుపు దిగుడు మొదలైతే ఆపొస్తదా?"

"ఆపితే నేను కింద ఓదెలు పక్కనే పండుకుంట. కాలానికోసారి నన్ను చూడనీకి నువ్వు రావాలె."

"నేను రాను. నీ మొహం రోజూ చూసుడే ఎక్కువ."

నజీర్ నవ్వి, తర్వాత మెల్లగా చెప్పాడు. "ఎవల వేళ్లు పడకుండ తలుపు నిదానంగ దిగుతది అక్కా. అంతవరకే నేను చెప్పగలుగుత."

తిరిగి వచ్చేసరికి స్వరూప లోపల ఉంది. అమూల్య తడి బట్టలు పిండుతోంది.

"గౌను తియ్యకు అక్కా" అంది స్వరూప నాతో. "రేపటికి ఇవే ఆరెయ్యి. అమ్ములు దేంట్ల వచ్చిందో దాంట్లనే వస్తది."

6. వానాకాలం ములాఖత్

ముందు స్వరూప ఒక్కతే అద్దం ముందుకు వెళ్లాలి, మెల్లగా మాట మొదలుపెట్టాలి, నేను సైగ చేశాక అమూల్య రావాలి. ఇదీ మేం అనుకున్నది. పరిగెత్తొద్దు, ఏడవొద్దు, వచ్చి స్టూలు మీద కూర్చో అని పిల్లకు చెప్పి గది తలుపు పక్కన నిలబెట్టాను. బ్రహ్మాండమైన ఏర్పాటు చేశాననుకున్నాను.

ఓదెలును తెచ్చారు. కంబళి సర్దారు.

"మంచిగున్నవా స్వరూపా?"

స్వరూప కొంగు వేలికి చుట్టుకుంది. ఓదెలు ఆమె పక్కనున్న ఖాళీ స్టూలు వైపు చూశాడు.

"పాపను తేలేదా ఇయ్యాల?" అన్నాడు. "ఆ పిల్లను. మీ తమ్ముని బిడ్డ గద ఆమె."

స్వరూప స్టూలు అంచు పట్టుకుంది. "నీకు తెలుసా?"

"నా బిడ్డను నేను ఎరుగనా స్వరూపా? మొదటి రోజే తెలిసింది. నువ్వు చీర మార్చకపోతే నాకు కాలం తెల్వదనుకున్నవా? నీ చేతులు చూస్తలేనా?"

"మరి ఎందుకు అడగలే?"

"ఏమని అడగాలె?" ఓదెలు గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఒక్కొక్క మాటా పడిపోకుండా పట్టుకుని పెడుతున్నట్టు మాట్లాడుతున్నాడు. "బిడ్డకు గుండు జూసిన. ఆ తర్వాత పండుకున్నదన్నవ్. బడికి పోయిందన్నవ్. ఆ తర్వాత ఇంకో పిల్లకు దాని గౌను తొడిగి తెచ్చినవ్. నాకు సమజైంది. నువ్వు చెప్పలేకపోతున్నవని గుడ సమజైంది. నేను ఏడిస్తే తలుపు పడ్తది, నువ్వు ఆ దుఃఖంతోని ఒక్కదానివే ఇంటికి పోతవ్. అందుకే ఊపిరి బిగవట్టి కూసున్న. మంచిగనే ఉన్న. దాన్ని ఏ జాగల పెట్టిన్రో అదొక్కటి చెప్పు నాకు."

నేను సైగ చేయలేదు. సైగ చేయాలని కూడా గుర్తు లేదు. గది తలుపు పక్కన నిలబడి ఇదంతా విన్న అమూల్య పరిగెత్తుకుంటూ వచ్చి రెండు చేతులూ అద్దానికి ఆనించింది.

"నాయినా. నేను సావలే నాయినా. నేను ఉన్న."

ఓదెలు ఆమె వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. తర్వాత ఆ నెమ్మది మనిషి నోట్లోంచి ఒక ఏడుపు వచ్చింది. మగవాళ్లు అలా ఏడవడం నేను వినలేదు. గోడలో ఎర్ర దీపం వెలిగింది. పైన ఇనుప తలుపు కదిలింది.

"వద్దు, వద్దు. నిమ్మలంగుండు" అని స్వరూప అద్దం మీద కొట్టింది. "తలుపు పడ్తున్నది. ఊపిరి పట్టు. ఎప్పటి లెక్క పట్టు."

"పడనీ" అన్నాడు ఓదెలు. "పడనీ స్వరూపా. నా బిడ్డ ఉన్నది. పడనీ."

తలుపు అతని తల దాకా దిగింది. అతను వంగాడు. ఇవతల అమూల్య కూడా వంగింది. తలుపు ఇంకా దిగుతుంటే ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆ తర్వాత నేల మీద పడుకున్నారు. అద్దం నేలదాకా ఉంది. చెంప నేలకు ఆనించి, మిగిలిన సందులోంచి తండ్రి కూతుర్ని చూశాడు.

"ఏ తరగతి బిడ్డా?" అని అడిగాడు.

"ఆరు."

తలుపు నేలకు తాకింది.

7. అదే రోజు సాయంత్రం

జైలు వాళ్లు కాగితం ఇచ్చారు. విడుదలయ్యే రోజుదాకా ఓదెలుకు ములాఖత్ లేదు. నేను వెళ్లి ఆఫీసులో అరిచాను. జమేదారుకే కాదు, ఆ ఆఫీసులో ఎవరికీ చెవులు లేవు. కండక్టరుగా ఉన్నప్పుడయితే ఒక్కొక్కడినీ నడి రోడ్డు మీద దింపేసేదాన్ని.

నా తర్వాత వచ్చే మనిషి కోసం ఒక మాట. జుట్టుకు రంగు వేయమంటే వేస్తాను, జాకెట్టు వదులు చేయమంటే చేస్తాను. ఉన్నవాళ్లను దాచమని, పోయిన వాళ్లను బయట కూర్చోబెట్టమని మాత్రం ఇంక ఎవరికీ నేర్పను. లోపలి వాళ్లకు ఏమీ తెలియదని మాకు మేం చెప్పుకున్నాం. ఎంతమంది తెలిసీ ఊపిరి బిగబట్టి కూర్చున్నారో, తలుచుకుంటే నాకు ఈ పూట అన్నం సయించలేదు. నువ్వయినా ముందే తెలుసుకో.

స్వరూప గోడకు ఆనుకుని కూర్చుంది. అమూల్య తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఆ పిల్ల ఎంత హాయిగా ఉందో చూస్తే నాకు కోపం కూడా వచ్చింది, ఎందుకో తెలియదు.

"అమ్మా, ఆయనకు ఒక్క నిద్రనే గద" అంది. "లేవంగనే మనమే కనవడ్తం."

"ఔ బిడ్డా. ఆయనకు ఒక్క నిద్రనే." స్వరూప అలా అని మొహం పక్కకు తిప్పుకుంది. ఆమెకు అయిదేళ్లు. మంచిగున్నవా అని అడిగే గొంతు లేని అయిదేళ్లు. ఓదార్పు మాట ఏది చెప్పినా అబద్ధమే అయ్యేది.

అప్పుడు నజీర్ వచ్చాడు. డ్యూటీ దిగి, ఎవరూ పిలవకుండా ఈ ఇంటికి అతను రావడం ఇదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"ఓదెలన్నను మల్ల నిద్ర పుచ్చనీకి మస్తు కష్టమైంది" అన్నాడు. "గుండె దిగాలె గద, దిగితేనే మందు ఇస్తరు. దిగుతనే లేదు. డాక్టరు కండ్లు మూసుకోమంటడు, ఈయన మూసుకోడు. నవ్వుకుంట ఉన్నడు. డాక్టరు చెయ్యి పట్టుకొని, నా బిడ్డ ఆరో తరగతి సార్ అన్నడు. లిఫ్టాయనకు చెప్పిండు. కంబళి కప్పేటాయనకు చెప్పిండు. నాకు రెండుసార్లు చెప్పిండు. బిడ్డ పేరు తీస్కుంట తీస్కుంటనే పండుకున్నడు."

స్వరూప లేచి గడప దాకా వచ్చింది.

"మల్లొక్కసారి చెప్పు నజీరన్నా" అంది.

నజీర్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.